వెయ్యి గుండెల లెక్క – డాక్టర్ మాడ్ ఆబట్ జీవితం

విజ్ఞానశాస్త్రంలో గొప్పవారి పేర్లు చెప్పమంటే మనలో ప్రతి ఒక్కరూ గుక్కతిప్పుకోకుండా పది పేర్లు చెప్పగలరు. రక్తప్రసరణ అనగానే విలియం హార్వే, క్షయ అనగానే రాబర్ట్ కాక్, రేడియం అనగానే మేడమ్ క్యూరీ, మన తెలుగువారిలో ఎల్లాప్రగడ సుబ్బారావు గుర్తుకొస్తారు. వీరందరూ కొత్తది ఏదో ఒకటి కనుగొన్నవారు. కాని ఏ కొత్త మందూ కనిపెట్టకుండా, ఒక్క గుండెకైనా కత్తి పట్టకుండా, ఒక కళాశాల మ్యూజియంలో గాజుసీసాలు సర్దుతూ దాదాపు నలభై ఏళ్ళు గడిపి, ఆ సర్దడంతోనే వైద్యశాస్త్రంలో ఒక శాఖకు పునాది వేసిన స్త్రీ ఒకరున్నారు. ఆమే డాక్టర్ మాడ్ ఆబట్. గుండె వైద్యులందరూ ఎరిగిన పేరు. మన పాఠ్యపుస్తకాల్లో మాత్రం ఆమెకు చోటు లేదు. ఈ సంచిక ద్వారానైనా మన విద్యార్థి మిత్రులకు ఆమెను పరిచయం చేయాలని ఈ చిన్న ప్రయత్నం.

ఆమె కథకు ముందు ఆమె ఎన్నుకున్న గుండెను గురించి నాలుగు మాటలు చెప్పుకోవాలి. జంతుశాస్త్రం చదివే మనమందరం కప్ప గుండె బొమ్మ వేసినవాళ్ళమే. కప్పకు రెండు కర్ణికలు, ఒక జఠరిక. మొత్తం మూడు గదులు. మనిషికి నాలుగు. ఒంట్లో తిరిగి వాడిపోయిన రక్తం కుడి కర్ణికకు వచ్చి, కుడి జఠరికలో దిగి, పుపుస ధమని ద్వారా ఊపిరితిత్తులకు వెళ్తుంది. అక్కడ ప్రాణవాయువును నింపుకుని, సాధారణంగా నాలుగు పుపుస సిరల ద్వారా ఎడమ కర్ణికకు చేరుతుంది. అక్కడి నుంచి ఎడమ జఠరిక దానిని ఒళ్ళంతటికీ పంపుతుంది. ధమనిలో మంచి రక్తం, సిరలో చెడు రక్తం అని బట్టీపట్టిన మనకు పుపుస సిరల దగ్గర తిరకాసు వస్తుంది. ఒంట్లో మంచి రక్తాన్ని మోసే సిరలు పుట్టిన తర్వాత ఇవే. పరీక్షల్లో తరచుగా అడిగే ప్రశ్న కూడా ఇదే!

ఇప్పుడు ఆ నాలుగు సిరల్లో ఒకటో రెండో తల్లి కడుపులోనే దారి తప్పాయనుకోండి. ఎడమ కర్ణికకు పోవలసినవి కుడి కర్ణికలోకో, దానికి వచ్చే మహాసిరలోకో కలిసిపోతాయి. రైతు ఇంట పుట్టినవాణ్ణి కనుక నాకు దీనికి కళ్ళం కన్నా మంచి పోలిక దొరకలేదు. తూర్పారబట్టిన ధాన్యాన్ని గాదెకు చేర్చకుండా తీసుకెళ్ళి మళ్ళీ తాలున్న రాశిలోనే పోస్తే ఏమవుతుంది? చేసిన పనే మళ్ళీ చేయాలి. గింజలు ఇంటికి చేరేది తక్కువ, చేటలు ఆడేది ఎక్కువ. అలాగే శుభ్రపడిన రక్తం మళ్ళీ ఊపిరితిత్తులకే పోతూంటే కుడివైపు గుండె రెట్టింపు చాకిరీ చేస్తుంది, పెద్దదవుతుంది. ఏళ్ళ తరబడి అదనపు రక్తం తోసుకొస్తూంటే కొందరిలో ఊపిరితిత్తుల రక్తనాళాల గోడలు మందమై, లోపల దారి ఇరుకై, అక్కడ రక్తపోటు పెరుగుతుంది. దానినే పల్మనరీ హైపర్‌టెన్షన్ అంటారు. చేతికి పట్టీ చుట్టి చూసే రక్తపోటు వేరు, ఇది వేరు. చేతి దగ్గర అంతా సవ్యంగా ఉండి, ఊపిరితిత్తుల్లో పోటు ఎక్కువగా ఉండవచ్చు. మెట్లెక్కితే ఆయాసం, తొందరగా అలసట, గుండెదడ, కొన్నాళ్ళకు కాళ్ళవాపు – పైకి కనిపించేవి ఇవే. ఇవన్నీ ఉబ్బసంలోనూ ఉంటాయి, రక్తహీనతలోనూ ఉంటాయి. మన పల్లెల్లో అన్నిటినీ కలిపి ఆయాసం అని ఒకే పేరుతో పిలుస్తాం. పేరు ఒకటే కాని జబ్బులు పది! ఆ పదింటినీ విడదీసి దేనికి దానికి పేరు పెట్టడం ఎంత కష్టమో, ఎంత అవసరమో ఆబట్ జీవితం చూస్తే తెలుస్తుంది.

మాడ్ ఆబట్ 1869 మార్చి 18న కెనడా దేశంలో, క్యుబెక్ రాష్ట్రంలోని సెయింట్ ఆండ్రూస్ ఈస్ట్ అనే చిన్న ఊళ్ళో జన్మించింది. పుట్టినప్పుడు ఆమె ఇంటిపేరు బాబిన్. తండ్రి మతగురువు. సొంత చెల్లెలి హత్యకేసులో ముద్దాయిగా నిలబడి, నిర్దోషిగా విడుదలైనా, ఆ అపవాదు భరించలేక కుటుంబాన్ని వదిలి వెళ్ళిపోయాడు. తల్లి ఎలిజబెత్ క్షయతో కన్నుమూసింది. అప్పటికి మాడ్ వయసు ఏడు నెలలు. ఆమెకూ, అక్క ఆలిస్‌కూ అమ్మమ్మే దిక్కయింది. అరవై దాటిన ఆ ముసలమ్మ ఇద్దరు పసిపిల్లలనూ చేరదీసి, తండ్రి పేరు వారిని వెంటాడకుండా చట్టరీత్యా తమ ఇంటిపేరు ఆబట్ అని మార్పించింది. అమ్మమ్మ చేతిలో పెరిగిన పిల్లలు మన ఊళ్ళలోనూ ఎందరో ఉన్నారు. ఆ పెంపకంలోని గారాబమూ, గట్టిదనమూ వారికి వేరే చెప్పనక్కరలేదు.

పదిహేనేళ్ళు వచ్చేవరకు ఆమె చదువంతా ఇంటి దగ్గరే. బడికి పోవాలని, తోటిపిల్లలతో కలిసి చదువుకోవాలని ఆమెకు మహా ఆశ. ఆ తర్వాత మాంట్రియల్ నగరంలో ఒక పాఠశాలలో చేరి, విద్యార్థి వేతనం సంపాదించి, 1886లో మెక్‌గిల్ విశ్వవిద్యాలయంలో బి.ఎ.లో ప్రవేశించింది. ఆ విశ్వవిద్యాలయం ఆడపిల్లలను చేర్చుకోవడం మొదలుపెట్టి అప్పటికి రెండేళ్ళే. 1890లో బంగారు పతకంతో ఆమె పట్టభద్రురాలైంది. తరగతి తరఫున వీడ్కోలు ప్రసంగం చేసే గౌరవమూ ఆమెకే దక్కింది. మెక్‌గిల్ అంటే ఆమెకు ప్రాణం. అక్కడే వైద్యం చదవాలన్నది ఆమె కోరిక.

కాని వైద్యశాఖ తలుపులు ఆడవారికి తెరవలేదు. ఆమె అర్జీ పెట్టింది. ఊరి పెద్దలను కలిసింది. స్నేహితురాళ్ళతో కలిసి చందాలకు, సంతకాలకు తిరిగింది. పత్రికల్లో వాదప్రతివాదాలు సాగాయి. ఆచార్యులు మాత్రం వల్ల కాదన్నారు. ఇక్కడ ఒక సంగతి మనం గమనించాలి. ఆ రోజుల్లో మన శ్రీకాకుళం గంజాం జిల్లాలో, విజయనగరం విశాఖపట్నం జిల్లాలో ఉండి, రెండూ మద్రాసు రాజధాని కింద ఉండేవి. ఆ మద్రాసు వైద్య కళాశాల 1875లోనే స్త్రీలను తరగతిలో కూర్చోనిచ్చింది. మన దేశపు ఆనందీబాయి జోషీ 1886లో అమెరికాలోని ఫిలడెల్ఫియాలో వైద్యపట్టం పుచ్చుకుంది. అటువంటిది, సంపన్న దేశమైన కెనడాలో అంత పేరున్న మెక్‌గిల్ 1918 దాకా స్త్రీలకు వైద్య విద్య ఇవ్వలేదు. దేశం ముందుండడం వేరు, ఆ దేశంలో ప్రతి మనసూ ముందుండడం వేరు!

అదే మాంట్రియల్‌లో బిషప్స్ అనే మరొక చిన్న వైద్య కళాశాల ఉండేది. అది ఆమెను చేర్చుకుంది. తరగతిలో ఆడపిల్ల ఆమె ఒక్కతే. ఆస్పత్రిలో రోగులను చూసి నేర్చుకోవడానికి అనుమతి పొందడం ఇంకో యుద్ధమైంది. ఆస్పత్రికి విరాళాలిచ్చే దాతలు కొందరు ఆమె పక్షం వహించి పట్టుబట్టాకే అది లభించింది. 1894లో ఆమె వైద్యపట్టం పుచ్చుకుంది. శరీరనిర్మాణ శాస్త్రంలో బహుమతి, ఛాన్సలర్ బహుమతి రెండూ ఆమెవే.

ఉన్నత శిక్షణ కోసం అక్క ఆలిస్‌ను వెంటబెట్టుకుని యూరప్ వెళ్ళింది. జూరిచ్, వియన్నా నగరాల్లో చదువు. వియన్నాలో శవపరీక్షలు చూసి రోగలక్షణ శాస్త్రం నేర్చుకోవడం ఆమెకు తర్వాతి జీవితంలో అన్నిటికన్నా ఎక్కువగా అక్కరకు వచ్చింది. కాని అక్కడే అక్క జబ్బుపడింది. ఒంటి జబ్బు తగ్గినా మనసు కుదుటపడలేదు. మళ్ళీ ఎన్నడూ ఆలిస్ మామూలు మనిషి కాలేదు. ఆ అక్కను జీవితాంతం తన బాధ్యతగానే చూసుకుంది మాడ్. పెళ్ళి చేసుకోలేదు. సంపాదనలో పెద్ద వాటా ఆ సేవకే పోయేది. ఇంట్లో ఒక రోగిని పెట్టుకుని చదువు, ఉద్యోగం నెట్టుకురావడం ఎలాంటిదో అనుభవించిన వారికే తెలుస్తుంది.

1897లో మాంట్రియల్ తిరిగి వచ్చి ప్రాక్టీసు పెట్టింది. తీరిక వేళల్లో ఒక ఆస్పత్రిలో గుండె చప్పుళ్ళ మీద పరిశోధన చేసి వ్యాసం రాసింది. అక్కడి వైద్యసంఘంలో ఆడవారికి ప్రవేశం లేనందున ఆ వ్యాసాన్ని మరొక వైద్యుడు చదవవలసి వచ్చింది. వ్యాసం విన్నాక ఆ సంఘమే తన పద్ధతి మార్చుకుని ఆమెను సభ్యురాలిగా ఎన్నుకుంది. తలుపు తట్టితే తెరవనివారు పనిని చూసి తెరిచారన్నమాట.

1898లో, తనను విద్యార్థినిగా వద్దన్న ఆ మెక్‌గిల్ వైద్యశాఖే ఆమెకు ఒక ఉద్యోగం ఇచ్చింది. వైద్య మ్యూజియంలో సహాయక క్యూరేటర్ పని. అంటే ఏమిటనుకున్నారు? శవపరీక్షల్లో తీసిన అవయవాలు సీసాల్లో పడి ఉన్న గది. ఏళ్ళ తరబడి పోగుపడి, సగానికి చీటీల్లేక, ఏది ఎవరిదో తెలియని స్థితి. ఎవరూ కోరుకునే ఉద్యోగం కాదు. గాదె మూల ఎలుకలు కొట్టిన బస్తాలు సర్దమన్నట్టే. ఆమె కూడా మొదట్లో దిగులుపడిందట.

ఆ సమయంలో ఆమెకు ఒక గురువు దొరికాడు. ఆయనే సర్ విలియం ఆస్లర్. కెనడాలో పుట్టి, మెక్‌గిల్‌లో చదివి, అక్కడే పాఠాలు చెప్పి, అప్పటికి అమెరికాలో బాల్టిమోర్ నగరపు జాన్స్ హాప్కిన్స్‌లో ఆచార్యుడుగా ఉన్న మహావైద్యుడు. ఆ మ్యూజియంలోని సీసాల్లో చాలావరకు ఆయన చేసిన శవపరీక్షలవే. 1898 డిసెంబరులో మ్యూజియంలు చూడడానికి బాల్టిమోర్ వెళ్ళిన ఆబట్‌ను ఆయన ఆదరించి, ఆమె చేతిలో ఉన్నది చెత్తగది కాదనీ, సరిగా వాడుకుంటే జబ్బులను గురించి ఇంతకన్నా మంచి బడి లేదనీ మనసుకు ఎక్కించాడు. ఒక్క మాట! మంచి గురువు చెప్పే ఒక్క మాటకు మనిషి జీవితం మలుపు తిరుగుతుందనడానికి ఇంతకన్నా నిదర్శనం వేరే అక్కరలేదు.

తిరిగి వచ్చి పనిలో దిగింది. ప్రతి సీసానూ తీసి, పాత రిజిస్టర్లు తిరగేసి, ఆ అవయవం ఎవరిలోనిది, బతికి ఉండగా ఆ రోగికి ఏ బాధలుండేవి, చివరకు ఏమైందీ కనుక్కుని, చీటీ రాసి, వరుసలో పెట్టడం. ఆ వెతుకులాటలో ఆమెకు ఒక వింత గుండె దొరికింది. మనిషి గుండే, కాని పనిచేసే జఠరిక ఒక్కటే. మూడు గదులు! కప్పకు సహజమైనది మనిషికి ఆపద. దాని వివరం ఎక్కడా లేదు. ఆస్లర్‌కు ఉత్తరం రాసింది. మెక్‌గిల్ వైద్యశాఖ తొలి డీన్ ఆండ్రూ హోమ్స్ దానిని 1824లోనే ఒక పత్రికలో వర్ణించాడని ఆయన ద్వారా తెలిసింది. అంత లోపమున్న గుండెతో ఆ మనిషి ఇరవై ఏళ్ళు దాటేదాకా బతికాడు. వెతికి ఆ వ్యాసాన్ని పట్టుకుని, గుండెనూ కథనూ మళ్ళీ కలిపి 1901లో ఆమె ప్రచురించింది. ఆ గుండె ఈనాటికీ హోమ్స్ గుండె పేరుతో వైద్యులకు తెలుసు. అప్పటి నుంచి పుట్టుకతో లోపమున్న గుండెలే ఆమె జీవితమయ్యాయి. ఆ 1901లోనే ఆమె క్యూరేటర్ అయింది.

విద్యార్థులు మ్యూజియానికి రావడం మొదలుపెట్టారు. సీసా చేతికిచ్చి, జబ్బు కథ చెప్పి, ఇక్కడ వేలు పెట్టి చూడమని ఆమె చెప్పే పాఠాలకు పేరొచ్చింది. క్రమంగా అవి పాఠ్యక్రమంలోనే చేరాయి. వైద్యం చదవనివ్వని చోటే ఆమె వైద్య విద్యార్థులకు ఉపాధ్యాయిని అయింది!

ఆస్లర్ తన సంపాదకత్వంలో వెలువడే పెద్ద వైద్యగ్రంథంలో పుట్టుకతో వచ్చే గుండె లోపాలపై అధ్యాయం ఆమెను రాయమన్నాడు. అప్పటికి ఆ విషయం మీద ఎవరికీ శ్రద్ధ లేదు. కారణం సులభమే. చికిత్స లేని జబ్బు గురించి తెలుసుకుని ఏం లాభమని అందరి అభిప్రాయం. ఆమె అలా అనుకోలేదు. 412 మంది రోగుల వివరాలు పట్టికలుగా వేసి, ఏ లోపం ఎంతమందిలో ఉంది, దానితో కలిసి వచ్చే మరో లోపం ఏది, ఎంత వయసు దాకా బతికారు, ఒళ్ళు నీలంగా మారిందా లేదా అని లెక్కకట్టింది. 1908లో ఆ అధ్యాయం అచ్చయ్యేసరికి అటువంటిది ప్రపంచంలో మరొకటి లేదు. ఆస్లర్ మెచ్చుకుని ఉత్తరం రాశాడు. ఈ మధ్యలో 1907లో వైద్యశాఖ భవనం అగ్నికి ఆహుతైంది. మ్యూజియంలో చాలాభాగం బూడిదైంది. దక్కిన సీసాలను ఏరుకుని, ఇతర ఊళ్ళ మ్యూజియంలకు ఉత్తరాలు రాసి, మళ్ళీ మొదటి నుంచి ఆమె కూర్చింది. తుఫానుకు పంట పోయినా మరుసటి ఏడు మళ్ళీ విత్తనం చల్లే మన రైతుకు ఆ ఓపిక కొత్తది కాదు.

ఆమె చేసిన వర్గీకరణ చూడండి, ఎంత తేటగా ఉంటుందో. లోపాలున్న గుండెలను మూడు కుప్పలు చేసింది. మొదటిది, కుడివైపు రక్తం ఎడమవైపు రక్తం ఎక్కడా కలవనివి. ఒళ్ళు నీలం కాదు. రెండవది, మంచి రక్తం చెడురక్తంలోకి దొర్లేవి. మొదట నీలం ఉండదు, తర్వాతెప్పుడో ప్రవాహం తిరగబడితే వస్తుంది. మూడవది, చెడురక్తం మంచి రక్తంలో కలిసేవి. వీరు పుట్టినప్పటి నుంచో, కొద్ది రోజుల నుంచో నీలంగా ఉంటారు. అంటే ఏ గది ఎక్కడుందనే కాదు, రక్తం ఎటు పారుతోందని చూసిందన్నమాట. మదుము ఎక్కడుందో కాదు, నీరు ఎటు పోతోందో చూస్తేనే కదా పొలం పరిస్థితి తెలిసేది! ఒకటి రెండు పుపుస సిరలు దారితప్పి కుడివైపు కలిసే గుండెలు ఆ రెండవ కుప్పకు చెందుతాయి. నాలుగు సిరలూ తప్పితే, ఎడమవైపుకు నేరుగా చేరే మంచి రక్తమే ఉండదు. కర్ణికల మధ్య గోడకున్న రంధ్రం గుండా వచ్చే కలగలుపు రక్తంతోనే శిశువు బతకాలి. రంధ్రం చిన్నదైనా, సిరల దారిలో అడ్డు ఉన్నా, ఆపరేషన్ జరగకపోతే ఆ బిడ్డ నిలవదు.

ఒకటి గుర్తుంచుకోవాలి. ఇవన్నీ ఆబట్ మరణించిన వారిలోనే చూడగలిగింది. బతికున్న మనిషి ఊపిరితిత్తుల్లో రక్తపోటు ఎంతో కొలిచే సాధనం అప్పటికి లేదు. 1929లో జర్మనీలో వెర్నర్ ఫోర్స్‌మన్ అనే యువ వైద్యుడు తన చేతి సిరలోంచి సన్నని గొట్టాన్ని తన గుండెలోకే పంపుకుని ఎక్స్‌రే తీయించుకున్నాడు. ఆ గొట్టం ఆస్పత్రుల్లో పరీక్షగా వాడుకలోకి వచ్చింది 1940ల్లో. అంతవరకు వైద్యుడి చేతిలో ఉన్నవి స్టెతస్కోపు, ఎక్స్‌రే, ఇ.సి.జి. మాత్రమే. బతికినప్పుడు విన్న చప్పుడునూ, పోయిన తర్వాత చూసిన గుండెనూ జోడించడమే ఆబట్ పద్ధతి. అలా ఒకటి కాదు, పది కాదు, వెయ్యి!

మ్యూజియంల వారందరినీ ఒకతాటికి తెచ్చే అంతర్జాతీయ సంఘం 1906లో ఏర్పడడంలో ఆమెది ముఖ్యపాత్ర. దానికి కార్యదర్శిగా, దాని పత్రికకు సంపాదకురాలిగా దశాబ్దాలు పనిచేసింది. 1910లో మెక్‌గిల్ ఆమెకు గౌరవ వైద్యపట్టం ఇచ్చింది. కష్టపడి చదువుతానంటే ఇవ్వనిది, ఇరవై ఏళ్ళ తర్వాత గౌరవంగా ఇచ్చింది. జీతం, హోదా మాత్రం అంతంతే. 1923లో ఫిలడెల్ఫియాలోని మహిళా వైద్య కళాశాల ఆచార్య పదవి ఇచ్చి పిలిస్తే రెండేళ్ళు అక్కడ పనిచేసింది. మన ఆనందీబాయి చదివిన కళాశాల అదే. ఆనందీబాయి పట్టా పుచ్చుకున్న మరుసటి ఏడే క్షయతో ఇరవై రెండో ఏట మరణించింది. ఆబట్ అక్కడికి వెళ్ళేసరికి ఆ విషాదం జరిగి ముప్పై ఆరేళ్ళు. 1925లో మెక్‌గిల్‌కు తిరిగి వచ్చినప్పుడు ఇచ్చినది సహాయక ఆచార్య పదవి. పదవీ విరమణ దాకా అక్కడ అంతకు మించి ఎదగనివ్వలేదు.

1936లో ఆమె జీవితఫలం చేతికొచ్చింది. పుట్టుకతో వచ్చే గుండెజబ్బుల అట్లాసు. వెయ్యి మంది రోగుల వివరాలు, బొమ్మలు, ఎక్స్‌రేలు, రక్తం పారే దారుల పటాలు, అన్నీ ఒకే పుస్తకంలో. అమెరికా గుండె సంఘం దానిని ప్రచురించింది. సిరలు దారితప్పిన గుండెలకూ అందులో చోటు దొరికింది. అదే ఏడు ఆమె పదవీ విరమణ చేసింది. అయినా ఊరుకోలేదు. ఉపన్యాసాలకు తిరుగుతూ, పుస్తకాన్ని పెంచి మళ్ళీ రాయాలని సన్నాహాలు చేసుకుంటూ, 1940 సెప్టెంబరు 2న మెదడులో రక్తస్రావంతో మాంట్రియల్‌లో మరణించింది. వయసు డెబ్బై ఒకటి.

ఇంతకూ ఆ లెక్క ఎవరికి ఉపయోగపడింది? 1938లో బోస్టన్‌లో రాబర్ట్ గ్రాస్ ఒక ఏడేళ్ళ పాపకు, పుట్టాక మూసుకోవలసిన రక్తనాళం మూసుకోకపోతే దానిని కట్టివేసి నయం చేశాడు. పుట్టుకతో వచ్చిన లోపానికి చికిత్స ఉందని లోకానికి తెలిసింది ఆ రోజు. 1944లో బాల్టిమోర్‌లో హెలెన్ టాసిగ్, ఆల్ఫ్రెడ్ బ్లాలాక్, వివియన్ థామస్ కలిసి నీలి శిశువులకు ఆపరేషన్ దారి చూపారు. ఆ టాసిగ్ ఆబట్ దగ్గర పాఠం నేర్చుకున్నదే. 1953లో గుండె–ఊపిరితిత్తుల యంత్రం సహాయంతో తొలి ఆపరేషన్ విజయవంతమైంది. తర్వాత గుండె తెరిచి, దారితప్పిన సిరలను ఎడమ కర్ణికకు మళ్ళించడం సాధ్యమైంది. కత్తి పట్టినవారికి కీర్తి వచ్చింది, రావలసిందే. కాని ఎక్కడ కోయాలో చెప్పే పటం అప్పటికే సిద్ధంగా ఉంది. చికిత్స లేని జబ్బు గురించి తెలుసుకుని ఏం లాభమన్న వారికి అదే జవాబు.

ఈనాడు ఒక మనిషి ఆయాసంతో వస్తే, ఊపిరితిత్తుల రక్తపోటని అనుమానం కలిగితే, ఎకో తీస్తారు. అవసరమైతే గొట్టం పంపి కొలుస్తారు. పుపుస ధమనిలో సగటు పోటు మామూలుగా 14 మిల్లీమీటర్ల పాదరసం దగ్గర ఉంటుంది. 20 దాటితే జబ్బు కింద లెక్క. గొట్టంతో తీసిన రక్తంలో, కుడివైపు ఉండకూడనంత ప్రాణవాయువు కనబడితే, ఎక్కడో మంచి రక్తం దొర్లుతోందని అర్థం. అప్పుడు సి.టి. స్కాన్‌లో ఒక్కొక్క సిరనూ ఎటు పోతోందో వెంబడించి చూస్తారు. కొందరిలో నలభై ఏళ్ళు వచ్చాక గాని, ఈ పుట్టులోపం బయటపడదు. ఒక్క సిర మాత్రమే తప్పిన చాలామందికి జీవితాంతం ఏ బాధా ఉండకపోవచ్చు, ఏ ఆపరేషనూ అక్కరలేదు. కాని రక్తం ఎక్కువగా దొర్లుతున్నవారికి సకాలంలో సరిచేస్తే గుండె తేరుకుంటుంది. ఆలస్యమై నాళాలు బిగుసుకుపోతే, ఒకప్పుడు చేయదగిన ఆపరేషన్ తర్వాత చేయకూడనిదవుతుంది. పేరు తెలియడంలో జరిగే ఆలస్యానికి ఖరీదు అదీ!

మన జిల్లాల సంగతి వేరే చెప్పాలా? ఇచ్ఛాపురం నుంచైనా, సాలూరు నుంచైనా పెద్ద జబ్బు అంటే విశాఖపట్నం కింగ్ జార్జి ఆస్పత్రికి దారి పట్టడం తాతల నాటి నుంచీ ఉన్నదే. దానికి అనుబంధంగా ఉన్న ఆంధ్ర వైద్య కళాశాల 1923లో ప్రారంభమైంది. ఆబట్ ఫిలడెల్ఫియాలో పాఠాలు చెప్పడానికి వెళ్ళిన ఏడన్నమాట. 2007 ఏప్రిల్ 1న ఆరోగ్యశ్రీ పథకం మొదలైనప్పుడు ముందుగా ఎంచుకున్న మూడు జిల్లాల్లో శ్రీకాకుళం ఒకటి. గుండె ఆపరేషన్ అంటే ఉన్న ఎకరం అమ్ముకోవలసిన ఇళ్ళకు అది పెద్ద ఆసరా అయింది. కాని డబ్బు సాయం అందాలన్నా ముందు జబ్బుకు పేరు ఉండాలి. ఆటల్లో వెనకబడే పిల్లను బద్ధకమని తిట్టి, ఊడ్పుల్లో రొప్పే కోడలిని నాజూకుతనమని నవ్వి, పనికి రాని కొడుకును సోమరి అని వదిలేస్తే, ఆ పేరు ఎప్పటికీ రాదు. ఒక్కసారి స్టెతస్కోపు పెట్టించడం, ఒక్కసారి ఎకో తీయించడం – అంతవరకు తీసుకెళ్ళవలసింది ఇంట్లో చదువుకున్నవాళ్ళే. అంటే మనమే.

ఆబట్‌కు గౌరవాలు తర్వాత చాలా వచ్చాయి. మెక్సికో నగరంలోని జాతీయ హృద్రోగ సంస్థ గోడల మీద ప్రసిద్ధ చిత్రకారుడు డియెగో రివేరా గుండె వైద్య చరిత్రను చిత్రించినప్పుడు, ఆ మహావైద్యుల గుంపులో ఉన్న ఏకైక స్త్రీ ఆమే. 2000 సంవత్సరంలో కెనడా ఆమె బొమ్మతో తపాలాబిళ్ళ విడుదల చేసింది. కాని అసలు గౌరవం అవి కావు. దారితప్పిన సిరకు పేరు పెట్టి, సరిచేసి ఇంటికి పంపిన ప్రతి బిడ్డ ఊపిరిలోనూ ఆమె వాటా ఉంది.

మనలో చాలామందికి కోరిన కళాశాలలో సీటు రాలేదు. కోరిన గ్రూపు దొరకలేదు. రేపు కోరిన ఉద్యోగం కూడా రాకపోవచ్చు. చేతికొచ్చిన పని చిన్నదనీ, దానిలో ఏముందనీ అనిపించవచ్చు. మాడ్ ఆబట్‌కు దక్కినది దుమ్ముపట్టిన సీసాల గది. ఆ గదిలో ఆమె ఒక్కొక్క సీసానూ తుడిచి, చీటీ రాసి, లెక్కలో వేసింది. సోదర విద్యార్థులారా! సోదరీమణులారా! మన ముందున్న గదిలో ఏ సీసాలున్నాయో ఒకసారి చూద్దాం. పక్కింటి ఆయాసానికి సరైన పేరు కనుక్కోవడంతోనైనా మొదలుపెడదాం.